పాలు విడిచినవారి చరిత్రము

మన దేశమున శాకాహారమనగా మాంసమును, చేపలను, గ్రుడ్లను విడుచుట యని యెల్లరును తలంతురు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి శాకాహారములోనివే యనుటలో మనకెన్నడును సందేహము కలుగదు. పాడియు పంటయు జంటగా పలుకుట మన కలవాటు. పాడి లేని యిల్లు మన పెద్దల దృష్టిలో కలిమి లేని యిల్లు. అన్నప్రాశనము మొదలుకొని తద్దినము వఱకు నేయి లేక మన యింట నే కార్యమును జరుగదు. ఇట్టి సంప్రదాయమున పెరిగినవారికి, పాలను మాంసముతో సమానముగా నెంచి రెంటిని విడిచినవారు లోకమున కలరని విన్నప్పుడు ఆశ్చర్యము కలుగుట సహజము.

వీరికి వీగనులని పేరు. ఈ పేరు పుట్టినది 1944వ సంవత్సరమున ఇంగ్లండులో. కాని యీ యాచారము అంతకంటె మిక్కిలి ప్రాచీనమైనది. నేడు మన నగరములలోగూడ సోయాపాలు, బాదముపాలు అంగళ్లలో దొరకుచున్నవి. ఆరోగ్యము కొఱకో, జంతువులపైని జాలిచేతనో పాలు మానిన యువకులు మన బంధువర్గములోనే కనబడుచున్నారు. వారిని చూచి కొందఱు నవ్వుదురు. కొందఱు వారి యాహారమే సర్వరోగములకును మందని నమ్ముదురు. నవ్వుటకు ముందును, నమ్ముటకు ముందును ఈ యాచారమును పట్టినవారి చరిత్రమును తెలిసికొనుట మంచిది. వారు పాలనేల విడిచిరి? పాలతోపాటు మఱి వేనిని విడిచిరి? వారికి కలిగిన యారోగ్యమునకు ఆహారమెంత కారణము, తక్కిన నడవడి యెంత కారణము? ఈ ప్రశ్నలకు గడచిన రెండువందల యేండ్ల యనుభవము చాలవఱకు సమాధానము చెప్పగలదు.

దయ యొక్కటే కారణముగా పాలను విడిచినవారు పూర్వమే యుండిరి. సిరియాదేశపు అరబ్బుకవి అబుల్ అలా అల్ మఅర్రీ (973-1057) వారిలో ప్రసిద్ధుడు. బాల్యమునందే మశూచికముచే చూపు కోల్పోయిన యీ కవి నడివయస్సు నుండి మాంసమును, చేపలను, గ్రుడ్లను, పాలను, తేనెను ముట్టలేదు. పాలు దూడల సొత్తనియు, తేనె తేనెటీగలు తమ కొఱకు కూర్చుకొన్న ధనమనియు, మనుష్యుడు వానిని హరించుట యన్యాయమనియు ఆయన వాదము. ఇందు ఆరోగ్యప్రసక్తి లేదు. మన దేశమున జైనులు తేనెను నిషేధించిరి గాని పాలను నిషేధింపలేదు. శరీరస్వస్థత కొఱకు పాలను మానవలెనను మాట యైరోపాఖండమున పందొమ్మిదవ శతాబ్ది యారంభమున వైద్యుల నోటినుండి వెలువడెను.

అట్టి వైద్యులలో మొదటివాడు విలియం లాంబు (1765-1847). ఈయన లండను నగరమున రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్సు అను వైద్యమండలిలో సభ్యుడు. తన దేహము చిరకాలము రోగపీడితము కాగా 1806 ప్రాంతమున జంతుసంబంధమైన యాహారమును విడిచెను. భూమినుండి నేరుగా పుట్టినది తప్ప మఱేదియు మనుష్యుని కోష్ఠమునకు తగినది కాదనియు, ఈ న్యాయము మాంసమునకెంతయో పాలకు, గ్రుడ్లకు, చేపలకు నంతయేయనియు వ్రాసెను. మానని పుండ్లతోను, కంతులతోను వచ్చిన రోగులకు ఈ పథ్యమునే విధించి, దాని ఫలితములను 1809లోను, 1815లోను గ్రంథములుగా ప్రకటించెను. సమకాలికులు కొందఱు ఆయనను వింతమనుష్యునిగా నెంచిరి. ఆయన మాత్రము ఎనుబదిరెండేండ్లు జీవించెను.

లాంబు విధించిన పథ్యములో కూరగాయలు సగము మాత్రమే. తక్కిన సగము బట్టిపట్టిన నీరు. నీటిని ఆవిరిగా మార్చి మరల చల్లార్చి పట్టినదానిని మాత్రమే త్రాగుడని ఆయన తన రోగులకు చెప్పెను. ఇది వట్టి చాదస్తము కాదు. సీసపుగొట్టములలో వచ్చిన నీరు విషమగునని 1803లోనే ఆయన యొక గ్రంథము వ్రాసియుండెను. నాటి లండను నీటిలో సీసమే కాదు, మురుగును కలిసియుండెడిది. అట్టి నగరమున ఒక రోగి మాంసమును, పాలను మాని, పరిశుభ్రమైన నీటిని త్రాగి, మద్యమును విడిచి స్వస్థుడైనచో దేనివలన స్వస్థుడయ్యెనని చెప్పుట? ఆహారమువలననా? నీటివలననా? మద్యము మానుటవలననా? లాంబు దీనికి సమాధానము చెప్పలేకపోయెను. పాలు విడిచినవారి చరిత్రమంతటను ఈ చిక్కే మరల మరల కనబడును.

లాంబు శిష్యుడు జాన్ ఫ్రాంకు న్యూటను 1811లో ప్రకృతి ధర్మమునకు మరలుడని ఒక పుస్తకము వ్రాసెను. న్యూటను నింటికి వచ్చిపోవుచుండిన కవి షెల్లీ 1813లో శాకాహారమును సమర్థించుచు నొక ప్రబంధము ప్రకటించెను. వైద్యశాలలో పుట్టిన పథ్యము ఇట్లు సంస్కర్తల సిద్ధాంతమయ్యెను.

అట్లాంటికు సముద్రమున కావలి యొడ్డున ఇదే కాలమున సిల్వెస్టరు గ్రాహము (1794-1851) అను ప్రొటెస్టెంటు బోధకుడు ఊరూర నుపన్యసించుచుండెను. జల్లింపని గోధుమపిండి రొట్టె ఆయన పేరుతో నేటికిని అమెరికాలో పిలువబడుచున్నది. ఆయన పాలను పూర్తిగా నిషేధింపలేదు. ఐనను ఆయన విధించిన దినచర్యను గమనింపవలెను. మద్యము, పొగాకు, టీ, కాఫీ కూడవు. చన్నీటి స్నానము, గట్టి పడక, తెఱచిన కిటికీలు, నడక, వేళకు నిద్ర, వేళకు భోజనము విధులు. అనగా భోజనపాత్రమును మార్చినవాడు దినమునంతయు మార్చెను. ఆహారసంస్కారము ఒంటరిగా వచ్చుట చరిత్రమున నరుదు.

ఈ యుద్యమములో మిక్కిలి సాహసికమైన ప్రయత్నము 1843లో జరిగెను. ఆమోసు బ్రాన్సను ఆల్కాటు అను అమెరికా తత్త్వవేత్త, చార్లెసు లేను అను ఆంగ్లేయ మిత్రునితో కలిసి మాసచూసెట్సు రాష్ట్రమున హార్వర్డు అను పల్లెలో ఒక క్షేత్రమును తీసికొని దానికి ఫ్రూట్‌లాండ్సు, అనగా ఫలభూమి, అని పేరుపెట్టెను. అంతకుముందు 1838లో ఇంగ్లండులో రిచ్మండు దగ్గఱ ఆల్కాటు పేరనే ఒక పాఠశాల వెలసియుండెను. అచ్చటి బాలురకును, ఉపాధ్యాయులకును శాకాహారము, చన్నీటి స్నానము నియమములు. ఫలభూమిలో నియమములు మఱింత కఠినములు. మాంసము, పాలు, గ్రుడ్లు, వెన్న లేవు. ఉన్ని గొఱ్ఱెల సొత్తగుటచే కూడదు. ప్రత్తి బానిసల చెమటతో పండినదగుటచే కూడదు. కావున నారబట్టలే ధరించిరి. దుక్కికి పశువులను కట్టుట పాపమని మొదట పాఱలతోనే భూమిని త్రవ్వ నారంభించిరి.

జూనులో స్థాపితమైన ఫలభూమి జనవరినాటికి విచ్ఛిన్నమయ్యెను. దీనికి కారణమాహారము కాదు. పురుషులు సిద్ధాంతములను బోధించుటకు సంచారము పోయిరి. కోతకు వచ్చిన బార్లీని గాలివాన రాకమునుపు ఆల్కాటు భార్యయు, చిన్నపిల్లలును బుట్టలలోను, దుప్పట్లలోను మోసి చేర్చిరి. నాడు పదేండ్ల బాలికయైన లూయిసా మే ఆల్కాటు తరువాత ప్రఖ్యాత రచయిత్రియై, 1873లో ఈ కథను హాస్యముగా వ్రాసెను. ఆ హాస్యము వెనుక ఒక తల్లి పడిన శ్రమ కలదు. ఇంటిలో ఒకడు వ్రతము పట్టినచో దాని బరువును పొయ్యియొద్ద నిలిచినవారు మోయుదురు. మన యిండ్లలోను ఇట్టి మగవారి పథ్యములు లేకపోలేదు. ఆహారసంస్కారమును గూర్చి మాటలాడువారు మొదట తామే వంట నేర్చుకొనుట న్యాయము.

1847 సెప్టెంబరు 30వ తేదీన ఇంగ్లండులో రామ్సుగేటు అను సముద్రతీరపు పట్టణమున శాకాహారసంఘము స్థాపితమయ్యెను. పాలు, గ్రుడ్లు తినుటకు సభ్యులకు స్వేచ్ఛ యుండెను. పాలుగూడ కూడదనువారు ఆ సంఘములోనే యొక చిన్నగుంపుగా మిగిలిరి. జంతుపదార్థము లేని వంటల పుస్తకమును రూపర్టు వెల్డను 1910లో ప్రకటించెను. దూడలను చంపక పాలవ్యాపారము సాగదనియు, పాలు త్రాగువాడు కసాయివానికి భాగస్వామి యనియు కొందఱును, అంత కఠినమైన నియమము పెట్టినచో సంఘములో నెవ్వరును మిగులరని కొందఱును దశాబ్దముల కొలది వాదించిరి.

ఆ వాదములు జరుగుచున్న లండనుకు 1888లో మోహనదాస గాంధి విద్యార్థిగా వెళ్లెను. తల్లికిచ్చిన మాటకొఱకు మాంసము మానియుండిన యా యువకుడు హెన్రీ సాల్టు వ్రాసిన పుస్తకమును చదివి, బుద్ధిపూర్వకముగా శాకాహారి యయ్యెను. పాలను గూర్చిన సంశయము దక్షిణాఫ్రికాలో బలపడెను. పాలు కామాదివికారములను రేపునను భావమొకటి. కలకత్తా పాలవారు ఆవులను, గేదెలను చివరిబొట్టువఱకు పిండుటకై పెట్టు హింసలను గూర్చి చదివిన వ్రాతలు మఱియొకటి. 1912లో టాల్‌స్టాయి క్షేత్రమున ఆయనయు, మిత్రుడు కాలెన్‌బాకును పాలు విడిచిరి. వేరుసెనగలు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మపండ్లు, ఆలివునూనె వారి యాహారము.

ఆఱేండ్లు వ్రతము చెల్లెను. 1918లో ఖేడాజిల్లాలో గ్రామగ్రామము తిరుగుచుండగా గాంధిగారికి తీవ్రమైన రక్తగ్రహణి కలిగి ప్రాణమునకే యపాయమయ్యెను. పాలు లేక మీ శరీరమును మరల బలపఱుపజాలనని డాక్టరు దలాలు చెప్పెను. వ్రతము పట్టినప్పుడు మనస్సులో నుంచుకొన్నవి ఆవుపాలు, గేదెపాలే కదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబాయి అడిగెను. గాంధిగారు మేకపాలు పుచ్చుకొనిరి. వ్రతముయొక్క అక్షరమును నిలిపి ఆత్మను చంపితినని ఆయన జీవితాంతము బాధపడెను. ఐనను ఆయన తన బాధను లోకమునకు శాస్త్రముగా బోధింపలేదు. తన పూర్వపు ఆరోగ్యగ్రంథమును చదివి పాలు మానినవారిని, అనుభవము గల వైద్యుని సలహా లేక ఆ ప్రయోగమును సాగింపవద్దని ఆత్మకథలో హెచ్చరించెను. పాలకు సమానమైన వృక్షసంబంధ పదార్థమును కనిపెట్టుడని వైద్యులను కోరుచునే యుండెను. సిద్ధాంతమును విడువక, అనుభవమును దాచక నడచుట ఎట్లో యిందు నేర్వదగియున్నది.

1931 నవంబరులో రౌండుటేబులు సభకు వెళ్లినప్పుడు లండను శాకాహారసంఘమువారు గాంధిగారిని ఉపన్యసింప బిలిచిరి. వృద్ధుడైన సాల్టు ఆ సభలో నుండెను. రోగము కుదురుటకై శాకాహారమును పట్టినవారిలో పెక్కుమంది దానిని నిలుపుకొనలేకపోయిరనియు, శాకాహారము నిలుచుటకు నైతికమైన యాధారము కావలెననియు గాంధిగారు ఆ సభలో చెప్పిరి. ఇది లెక్కలు కట్టి చెప్పినమాట కాదు. నలువదేండ్లు ఆ సంఘములవారిని చూచి చెప్పినమాట. దీనిని జ్ఞాపకముంచుకొందము, మరల దీని యవసరము కలుగును.

పదమూడేండ్ల తరువాత నైతికాధారమునే పునాదిగా చేసికొని ఒక క్రొత్తసంఘము పుట్టెను. డొనాల్డు వాట్సను (1910-2005) యార్కుషైరులో జన్మించి, కొయ్యపని నేర్పు నుపాధ్యాయుడయ్యెను. బాల్యమున పినతండ్రి పొలమున పందిని చంపుట చూచి, పదునాలుగవయేట మాంసము మానెను. ఆయనయు, ఎల్సీ ష్రిగ్లీ అను స్త్రీయు పాలుగూడ మానినవారికి తమ పత్రికలో కొంత స్థలమిండని శాకాహారసంఘమువారిని 1944లో అడుగగా వారు నిరాకరించిరి. అందుపై నవంబరులో ఆఱుగురు లండనులో కూడి ప్రత్యేకసంఘమును స్థాపించిరి. శాకాహారికి ఇంగ్లీషులో గల పేరునుండి మొదటి మూడక్షరములను, చివరి రెండక్షరములను తీసి వీగను అను మాటను కల్పించిరి. శాకాహారమునకు ఆదియు అంతమును ఇదియే యని దాని భావము. అది యుద్ధకాలము. మాంసమునకు బదులుగా శాకాహారులకు ప్రభుత్వము చీజు నెక్కువగా నిచ్చెడిది. వీగనులకు దానివలన ప్రయోజనము లేకపోయెను.

వాట్సను మొదటినుండియు దయతోపాటు ఆరోగ్యమునుగూడ వాదములోనికి తెచ్చెను. నాడు ఇంగ్లండు పాడిపశువులలో క్షయవ్యాధి విస్తారముగా నుండెను. కాచని పాలవలన పిల్లలకు ఆ క్షయము సోకి యనేకులు మరణించుచుండిరి. పాలు విషమనుటకు ఇంతకంటె గొప్పసాక్ష్యమేల యని ఆయన వాదము. కాని పాలను కాచి చల్లార్చు పద్ధతియు, రోగపశువులను ఏఱివేయుటయు నియమములైన తరువాత ఆ సాక్ష్యము బలము కోల్పోయెను. దయపై నిలిచిన వాదము మాత్రము చెక్కుచెదరలేదు. వాట్సను తొంబదియైదేండ్లు జీవించెను. ఆయన మద్యము త్రాగలేదు, పొగ పీల్చలేదు. తన కూరగాయలను తానే పండించుకొనెను. కొండలపై నడచుట ఆయనకు ప్రియము. ఆయన దీర్ఘాయువును పాలు మానుటకే కట్టిపెట్టువారు ఈ తక్కిన యలవాట్లను మఱచిపోవుదురు.

ఈ సంఘము పుట్టిన నాలుగేండ్లకు వీగనుల యారోగ్యచరిత్రమును మార్చిన యొక యావిష్కారము జరిగెను. దీనిలో మన తెలుగువాని కృషియు నొక మెట్టు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సోదరుని గ్రహణివ్యాధి బలిగొనగా, ఆ జాతి రోగములకు మందు కనుగొనవలెనని సంకల్పించి అమెరికా వెళ్లిరి. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఆకుకూరలలో పుష్కలముగా నుండు ఈ పదార్థము లోపించినచో రక్తము పలుచబడును. ఫోలికామ్లమును ప్రాణాంతకమైన మఱియొక రక్తహీనతయందును వాడి చూచిరి. రక్తము బాగుపడెను, కాని నరములు చెడుట ఆగలేదు. అనగా రక్తమునకును, నరములకును కావలసినది వేఱొకటి కలదన్నమాట. 1948లో అమెరికాలో ఫోకర్సును, ఇంగ్లండులో లెస్టరు స్మిత్తును ఎవరికివారు దానిని ఎఱ్ఱని స్ఫటికములుగా వేఱుచేసిరి. అదియే బి12 విటమిను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు దివంగతులైరి.

బి12 విటమినును చెట్లు చేయలేవు, జంతువులును చేయలేవు. కొన్ని సూక్ష్మజీవులే చేయగలవు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేసినది పాలలోనికిని, మాంసములోనికిని వచ్చును. పెద్దవానికి దినమునకు కావలసినది గ్రాములో పదిలక్షలవంతులు రెండున్నరకు మించదు. కాలేయమున కొన్ని యేండ్లకు చాలినంత నిలువ యుండును. కావుననే పాలు మానిన మొదటి సంవత్సరమున లోపము తెలియదు. పైగా దేహము తేలికపడినట్లు తోచును. నిలువ తఱిగిన పిమ్మట నాలుక పూయును, కాళ్లుచేతులు తిమ్మిరెక్కును, నడక తడబడును, జ్ఞాపకశక్తి తగ్గును. ఆకుకూరలు సమృద్ధిగా తినువానికి ఫోలికామ్లము వలన రక్తము బాగుగనే కనబడుటచే రోగము మఱింత కాలము దాగియుండును. 1955లో ఫ్రాంకు వోక్సు ప్రభృతులు ఇంగ్లండు వీగనులను పరీక్షించి, ఇట్టి లక్షణములు కొందఱిలో కనుగొనిరి. ఈ లోపము పెద్దలతో ఆగదు. లోపము గల తల్లుల పాలు త్రాగిన పసిపిల్లలు మందబుద్ధులై, నేర్చిన చేష్టలను గూడ మఱచిపోవుటను వేలూరు వైద్యులు 1962లో వర్ణించిరి.

ఇచ్చట వీగనుల సంఘము చేసినపని ప్రశంసనీయము. కొందఱు ప్రకృతివాదులు, స్వచ్ఛమైన యాహారములో లోటు ఉండనేరదని వాదించినను, సంఘములోని వివేకులు రక్తపరీక్షలకు తామే చేతులు చాపిరి. 1956లో లెస్లీ క్రాసు ప్రభృతులు మొక్కలనుండి పాలు చేయుటకై యొక సంఘము పెట్టిరి. అట్టిపాలు 1965లో విక్రయమునకు వచ్చెను. సూక్ష్మజీవులనుండియే తీసిన బి12ను ఆహారమున కలుపుటయు, బిళ్లలుగా మ్రింగుటయు క్రమముగా వాడుకలోనికి వచ్చెను. గాంధిగారు కోరిన పదార్థము కొంతవఱకు ఇట్లు చేకూరెను. ఆయన కాలమున అసాధ్యమైనది నేడు ఒక చిన్నబిళ్లతో సాధ్యము. కాని ఆ బిళ్లను వేసికొనవలెను. 2010లో ప్రకటితమైన ఆక్సుఫర్డు పరిశోధనలో, పరీక్షింపబడిన వీగను పురుషులలో నూటికి 52 మందికి బి12 లోపము కనబడెను. పాలు త్రాగు శాకాహారులలో నూటికి 7గురికి మాత్రమే.

ఇక ఆరోగ్యలాభమును గూర్చి నేటి లెక్కలేమి చెప్పుచున్నవి? లాంబు కాలపు చిక్కును విడదీయుటకు ఒక మతసమాజము ఉపకరించెను. అమెరికాలో 1863లో స్థాపితమైన సెవెంతుడే అడ్వెంటిస్టులు మద్యమును, పొగాకును వర్జింతురు. వారిలో కొందఱు మాంసము తిందురు, కొందఱు పాలతో ఆగుదురు, కొందఱు పాలును విడుతురు. తక్కిన యలవాట్లు ఇంచుమించుగ సమానములగుటచే ఆహారభేదమును వేఱుచేసి చూచుట వారియందు సులభతరము. 2002లో ఆరంభమై సుమారు 96,000 మందిని చేర్చుకొన్న వారి పరిశోధనలో, మధుమేహము మాంసాహారులలో నూటికి 7.6 మందికిని, వీగనులలో 2.9 మందికిని ఉన్నట్లు 2009లో ప్రకటించిరి. వారిలో శాకాహారులందఱి మరణములును కలిపి చూడగా మాంసాహారులకంటె నూటికి 12 వంతులు తక్కువయని 2013లో తేలెను. కాని ఆక్సుఫర్డువారి పరిశోధనలో, ఇంగ్లండు శాకాహారులకును, అట్లే ఆరోగ్యనియమములు పాటించు మాంసాహారులకును ఆయుర్దాయమున చెప్పదగిన భేదము కనబడలేదు. గుండెజబ్బు శాకాహారులలో తక్కువయయ్యెను. ఎముకలు విఱుగుట వీగనులలో నెక్కువయయ్యెను. 2023లో అమెరికాలో 22 జంటల కవలలలో ఒకరికి వీగను భోజనమును, ఒకరికి మంచి మాంసాహారమును ఎనిమిది వారములు పెట్టగా, వీగను కవలల రక్తములో చెడుకొలెస్టరాలు ఎక్కువగా తగ్గెను. ఈ లాభము నిజమే. కాని అది మహిమ కాదు.

వీగను భోజనమెల్ల ఒక్కటి కాదనుటయు మఱవరాదు. చక్కెర, మైదారొట్టె, నూనెలో వేచిన బజ్జీలు - వీనిలో జంతుపదార్థ మణుమాత్రమును లేదు. పప్పులు, పండ్లు, ముడిధాన్యములు గల శాకభోజనము గుండెకు మేలనియు, తీపులు, తెల్లపిండి గల శాకభోజనము కీడనియు 2017లో అమెరికా పరిశోధకులు వేఱుపఱిచి చూపిరి.

వీగనుల యుద్దేశమునకును, వారి యలవాట్లకును గల సంబంధమును గూర్చి 2015లో వెలువడిన యొక పరిశోధన మన విషయమునకు మిక్కిలి దగ్గఱిది. అందు ఆరోగ్యము కొఱకు వీగనులైన 45 మందిని, నీతికొఱకు వీగనులైన 201 మందిని ప్రశ్నించిరి. ఆరోగ్యార్థులు పండ్లు ఎక్కువగను, తీపులు తక్కువగను తినుచుండిరి. నీతిపరులు ఎక్కువ కాలమునుండి నియమమును నిలుపుకొనుచుండిరి; సోయా నెక్కువగా తినుచుండిరి; బి12, డి మొదలగు విటమినుల బిళ్లలను ఎక్కువగా వాడుచుండిరి. ఇది చిన్న పరిశోధన. దీనినే ప్రమాణముగా పట్టరాదు. ఐనను గాంధిగారు 1931లో చెప్పినమాటకు ఇది యెంత సమీపముగా నున్నదో చూడుడు. ఆరోగ్యము కొఱకే వచ్చినవాడు బిళ్లను మానుటయు, దయ కొఱకు వచ్చినవాడు బిళ్లను వేసికొనుటయు మొదట వింతగా తోచును. నాకు తోచు కారణమిది. ఆహారమే ఔషధమని నమ్మినవానికి ఔషధము వేఱుగా కావలెననుట తన నమ్మకమునకు భంగముగా కనబడును. దయ కొఱకు పాలు మానినవానికి ఆహారము మహిమ కలదని నిరూపింపవలసిన పనిలేదు. అతడు జీవించి నియమమును సాగించిన చాలును.

మన దేశమునకు ఈ చరిత్రమువలన గ్రహింపదగినవి కొన్ని కలవు. మన పల్లెలలో తరతరములుగా పాలు చూడని కూలివారు లక్షలకొలది యుండిరి. అంబలియు, సంకటియు, పచ్చడియు వారి భోజనము; మజ్జిగ దొరకిననాడు పండుగ. వారిని వీగనులని ఎవ్వరును కొనియాడలేదు. ఆ భోజనము వారికి ఆరోగ్యమునీయలేదు. కలిగినవాడు విడుచుట వ్రతము. లేనివానికి దొరకమి దారిద్ర్యము. ఈ రెంటిని ఒకటిగా చూపి, పేదవాని పిల్లలకు పాలును, గ్రుడ్డును అవసరము లేదని చెప్పువాడు సంస్కర్త కాడు. అట్లే, తినెడి పదార్థమును బట్టి కులమును, కులమును బట్టి గౌరవమును కొలుచు మన దురాచారమునకు ఈ క్రొత్త యాచారమును జతపఱుపరాదు. వాట్సను సంఘములో చేరుటకు ఎవ్వరును పుట్టుకను అడుగలేదు.

పాలు మానదలచిన యువకుని ఇంటివారు నవ్వవలదు, భయపడను వలదు. రాగులు, నువ్వులు, మునగాకు, పప్పులు మన వంటయింటిలోనివే. కాల్షియమునకును, మాంసకృత్తులకును వానిని చక్కగా వాడుకొనవచ్చును. బి12 మాత్రము వానిలో లేదు. దానిని బిళ్లగా తప్పక తీసికొనవలెను. గర్భిణులును, పాలిచ్చు తల్లులును వైద్యుని యడుగక ఈ నియమమును పట్టరాదు. మధుమేహమునకో, రక్తపుపోటునకో మందు వాడుచున్నవారు, ఆహారము మార్చితిమని మందును తామై మానరాదు. పొగయు, మద్యమును సాగించుచు, నడకయు నిద్రయు లేక, పాలగిన్నెను మాత్రము దూరముగా పెట్టినవాడు గ్రాహము బోధలో పదవవంతును మాత్రమే పాటించినవాడు.

ఆరోగ్యకాంక్ష మనుష్యుని ఈ మార్గమునకు తెచ్చును. కాని అది చంచలమైనది. దయ యతనిని నిలుపును; కాని దయకు నరములను కాపాడు శక్తి లేదు. ఆ పని విజ్ఞానముది. మేకపాలు పుచ్చుకొనిన గాంధిగారును, రక్తపరీక్షకు చేయి చాపిన ఇంగ్లండు వీగనులును తమ నమ్మకమును అనుభవముతో సరిచూచుకొనుటకు వెనుదీయలేదు. పాలు త్రాగువారికిని, పాలు మానినవారికిని ఈ గుణము సమానముగా కావలసినదే.